చిన్న ఉపగ్రహానికి ఎలక్ట్రిక్ థ్రస్టర్: ఎంపిక నుంచి మొదటి ఫైరింగ్ దాకా

ఉపగ్రహాన్ని కరెంటు బలంతో తోసే చిన్న ఇంజిన్‌ను ఎలక్ట్రిక్ థ్రస్టర్ అంటారు. అది పెట్టాలనుకునే వాళ్లు ముందు థ్రస్టర్ల కేటలాగు పక్కన పెట్టి, తమ సోలార్ ప్యానెళ్ల లెక్క తీయాలి. కాలేజీ టీములు ఫోన్ చేసి "అక్కా, మా క్యూబ్‌శాట్‌కి ఏ థ్రస్టర్ కొనమంటారు?" అని అడిగినప్పుడల్లా నా మొదటి ప్రశ్న ఒకటే: "అన్ని ఖర్చులూ పోగా మీకు ఎన్ని వాట్లు మిగులుతున్నాయి?" ఈ జవాబు లేకుండా మిగతా మాటలు ఎన్ని మాట్లాడుకున్నా లాభం లేదు. కెమికల్ థ్రస్టర్ శక్తి దాని ఇంధనంలోనే ఉంటుంది. ఎలక్ట్రిక్ థ్రస్టర్‌లో ఇంధనం ఉత్త సరుకు. దాన్ని విసిరే బలం మొత్తం మీ ప్యానెళ్ల నుంచి, మీ బ్యాటరీ నుంచి రావాలి.

నేను బెంగళూరులో చిన్న ఉపగ్రహాల ప్రొపల్షన్ మీద పని చేస్తాను. విద్యార్థి టీముల డిజైన్లు కూడా చూస్తుంటాను. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను: 12 కిలోల 6యూ క్యూబ్‌శాట్ (10 సెంటీమీటర్ల ఘనాలు ఆరు పేర్చినంత చిన్న ఉపగ్రహం), 500 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్య.

తిప్పడం వేరు, నడపడం వేరు

ఉపగ్రహం ముఖం ఎటు ఉండాలో చూసుకునేవి రియాక్షన్ వీల్స్ (లోపల తిరిగే చక్రాలు), మాగ్నెటార్కర్లు (భూ అయస్కాంత క్షేత్రం ఆసరాతో తిప్పే విద్యుదయస్కాంతాలు). కక్ష్య మార్చేది థ్రస్టర్. ఈ రెంటినీ కలిపేసి "స్టీరింగ్" అనేస్తే డిజైన్ మొదట్లోనే దారి తప్పుతుంది. విడివిడి విద్యుత్ మెరుపులతో తోసే పల్స్‌డ్ ప్లాస్మా థ్రస్టర్లతో ముఖం తిప్పిన సందర్భాలు లేకపోలేదు. నాసా 2000లో పంపిన ఎర్త్ అబ్జర్వింగ్-1లో టెఫ్లాన్ దిమ్మతో పనిచేసే అలాంటి థ్రస్టర్‌నే పరీక్షించారు. అయినా మన సైజు ఉపగ్రహంలో థ్రస్టర్ కొనేది కక్ష్య కోసమే.

కక్ష్యలో ఏం మార్చాలనుకుంటున్నారో ఇప్పుడు కాగితం మీద రాయండి. ప్రతి పనికీ ఒక ధర ఉంటుంది. ఆ ధరను డెల్టా వీ అంటాం, అంటే వేగంలో తేవాల్సిన మార్పు. 500 కిలోమీటర్ల దగ్గర ఎత్తు ఒక కిలోమీటరు మార్చడానికి సెకనుకు సుమారు 0.55 మీటర్లు చాలు. కక్ష్య వాలు (భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం) ఒక్క డిగ్రీ మార్చాలంటే మాత్రం సెకనుకు 133 మీటర్లు కావాలి. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే "వాలు కూడా కాస్త సర్దుకుందాం" అన్న ఆలోచన టీములు వాటంతటవే మానుకుంటాయి. వాలు రాకెట్ ఇవ్వాలి, మనం మార్చుకోకూడదు.

ఒకే కక్ష్యలో వదిలిన రెండు ఉపగ్రహాలను భూమికి చెరోవైపు నిలపాలనుకోండి. తోసుకుంటూ ముందుకు పరిగెత్తించాలని చాలామంది అనుకుంటారు. కక్ష్యలో ముందుకు పోవాలంటే వేగం తగ్గించి కిందికి దిగాలి. కింద కక్ష్య చిన్నది, చుట్టు త్వరగా పూర్తవుతుంది. ఒకదాన్ని 5 కిలోమీటర్లు కిందికి దించితే అది రోజుకు దాదాపు 6 డిగ్రీల చొప్పున ముందుకు జరుగుతుంది. 30 రోజులకు అవతలి వైపు ఉంటుంది. అప్పుడు మళ్లీ పైకి తెస్తే సరి. దిగడానికీ ఎక్కడానికీ కలిపి ఖర్చు సెకనుకు 5.5 మీటర్లే. ఓపిక ఉంటే కక్ష్యలో చాలా పనులు చౌకగా అయిపోతాయి.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మీకు కావాల్సింది ఇలా దూరంగా జరపడం ఒక్కటే అయితే అసలు థ్రస్టర్ అక్కర్లేకపోవచ్చు. ప్లానెట్ కంపెనీ తన డవ్ ఉపగ్రహాలను పలకల వాలు మార్చి, పల్చటి గాలి రాపిడిలో తేడాతోనే వరసలో పరిచింది. థ్రస్టర్ వద్దని తేలితే ఆ డిజైన్‌కు అంతకంటే మంచి వార్త ఉండదు.

కావాలని తేలితే మన ఉదాహరణలో ఖాతా ఇలా వస్తుంది. మూడేళ్లపాటు గాలి రాపిడిని తట్టుకోవడానికి సెకనుకు 30 మీటర్లు వేసుకుందాం. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏడాది ఇది పెరుగుతుంది, లేనప్పుడు బాగా తగ్గుతుంది. స్థానాలు మార్చుకోవడానికి, చెత్త తగలకుండా తప్పుకోవడానికి ఒక పాతిక. పని అయ్యాక 300 కిలోమీటర్లకు దిగిపోవడానికి 113. రిజర్వు కలిపి 200 అనుకోండి. ఆ చివరి 113ను ఎవరూ కోసెయ్యకండి. పని చేయని ఉపగ్రహాన్ని పైన వదిలేయడం ఇంకొకరి కక్ష్యను పాడుచేయడమే. భారత్ కూడా 2030 నాటికి చెత్త మిగల్చని ప్రయోగాలే చేస్తామని ప్రకటించింది.

కేటలాగును నిలదీసే లెక్క

సెకనుకు 200 మీటర్ల మార్పుకి 12 కిలోల ఉపగ్రహం ఎంత ఇంధనం మోయాలి? ఇంధనాన్ని థ్రస్టర్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే అంకె స్పెసిఫిక్ ఇంపల్స్, దాన్ని సెకన్లలో చెప్తాం. అది 60 సెకన్లుండే కోల్డ్ గ్యాస్‌తో (పీడనంలో ఉంచిన వాయువును ఊరికే వదలడం) అయితే దాదాపు మూడున్నర కిలోలు. 220 సెకన్ల హైడ్రజీన్ అనే రసాయన ఇంధనంతో కిలో పైన. విద్యుదావేశం ఉన్న కణాలను విసిరే, 2000 సెకన్లిచ్చే అయాన్ థ్రస్టర్‌తో 122 గ్రాములు. మనందరం ఎలక్ట్రిక్ వైపు వచ్చింది ఈ అంకె చూసే.

దీనికి కట్టే మూల్యం కాలం. ఈ సైజు థ్రస్టర్ ఇచ్చే తోపు (థ్రస్ట్) ఒక మిల్లీన్యూటన్ చుట్టుపక్కల ఉంటుంది. అంత తోపుతో 200 మీటర్ల మార్పు తేవాలంటే 667 గంటలు కాల్చాలి. చుట్టుకు మూడో వంతు సమయమే కాల్చగలిగితే క్యాలెండర్లో అది 83 రోజులు. అంటే ఆ థ్రస్టర్ ఆయుష్షు కనీసం 700 గంటలైనా ఉండాలి, నేనైతే దానికి రెట్టింపు అడుగుతాను. థ్రస్టర్లను పోల్చేటప్పుడు అందుకే "మొత్తం ఇంపల్స్" అనే అంకె చూడండి, అంటే తోపు ఇంటూ కాల్చే సమయం. మన అవసరం 12 కిలోలు ఇంటూ 200, అంటే 2400 న్యూటన్-సెకన్లు.

అమ్మేవాళ్ల అంకెలు సరిచూడ్డానికి ఒక చిన్న సూత్రం ఉంది. తోపు మిల్లీన్యూటన్లలో, స్పెసిఫిక్ ఇంపల్స్ సెకన్లలో తీసుకుని రెంటినీ గుణించి 200తో భాగించండి. థ్రస్టర్ నుంచి బయటికి పోయే ధారలో ఉండాల్సిన శక్తి వాట్లలో వస్తుంది. 1 మిల్లీన్యూటన్, 2000 సెకన్లయితే 10 వాట్లు. ఆ థ్రస్టర్ 60 వాట్లు తాగుతుందంటే సామర్థ్యం 17 శాతం. ఈ సైజులో అది నమ్మదగ్గ అంకె. ఒకసారి ఒక సరఫరాదారు పత్రంలో 1.5 మిల్లీన్యూటన్లు, 3000 సెకన్లు, 50 వాట్లు అని చూశాను. లెక్క వేస్తే 45 శాతం వచ్చింది. తరచి అడిగితే తేలింది: ఆ తోపు ఒక సెట్టింగ్‌లోది, ఆ సెకన్లు ఇంకో సెట్టింగ్‌లోవి. అబద్ధం ఏదీ లేదు, కానీ రెండూ ఒకేసారి దొరకవు. అదే పవర్‌తో స్పెసిఫిక్ ఇంపల్స్ పెంచితే తోపు తగ్గుతుంది. అందుకని "ఈ వాట్ల దగ్గర, ఈ ఒక్క సెట్టింగ్‌లో మూడంకెలూ ఇవ్వండి, పవర్ యూనిట్ నష్టాలు కలిపి ఇవ్వండి" అని రాతపూర్వకంగా అడగండి.

పెద్ద థ్రస్టర్ల వార్తలు చదివి అవే సామర్థ్యాలు ఆశించొద్దు. ఇస్రో 2025 మార్చిలో వెయ్యి గంటల పరీక్ష పూర్తయిందని ప్రకటించిన 300 మిల్లీన్యూటన్ల థ్రస్టర్ 5.4 కిలోవాట్ల మీద నడుస్తుంది. పెద్ద సమాచార ఉపగ్రహాల కోసం చేసింది అది. ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) ఉండే గది చిన్నదయ్యే కొద్దీ గోడల దగ్గర పోయే నష్టం పెరుగుతుంది. మనకు 17 శాతం వచ్చిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

60 వాట్లు ఎక్కడి నుంచి తెస్తారు?

500 కిలోమీటర్ల దగ్గర చుట్టు 94 నిమిషాలు. అందులో 35 నిమిషాల దాకా నీడలో పోవచ్చు. చుట్టుకు 30 నిమిషాలు, 60 వాట్లతో కాలిస్తే 30 వాట్-అవర్లు. కంప్యూటరు, రేడియో, వీల్స్ వగైరాలకు ఇంకో 12, 13. ఇదంతా గంట ఎండలో రావాలి. నష్టాలు కూడా వేసుకుంటే ప్యానెళ్లు 50 వాట్లవి ఉండాలి. ఒంటికి అతికించిన ప్యానెళ్లతో 6యూకి ఇది కుదరదు, తెరుచుకునే రెక్కలు తప్పవు.

ఇంకో చిక్కు ఉంది. థ్రస్టర్‌ని ప్రయాణ దిశలో ఉంచి కాల్చేటప్పుడు ప్యానెళ్లు సూర్యుడి వైపే ఉంటాయన్న హామీ లేదు. మధ్యాహ్నం వేళ భూమధ్యరేఖ దాటే కక్ష్యలో అయితే చుట్టులో కొంత భాగం ఎండ ప్యానెళ్లకు ఏటవాలుగా తగులుతుంది. పగలూ రాత్రీ కలిసే గీత వెంబడి పోయే ఉదయ-సంధ్య కక్ష్యలో సూర్యుడు ఎప్పుడూ పక్కనే ఉంటాడు కాబట్టి ఆ బాధ చాలావరకు లేదు. ఇతరులతో రాకెట్ పంచుకునే రైడ్‌షేర్‌లో కక్ష్య మన ఇష్టం కాదు. అందుకని పవర్ లెక్క అన్ని రకాల సూర్య కోణాలకూ వేసి, అందులో అధ్వాన్నమైన దానికి డిజైన్ చేయండి.

వేడి సంగతి కూడా ఇక్కడే. 60 వాట్లలో ధారగా పోయేది 10. మిగిలిన దాంట్లో దాదాపు 40 వాట్లు వేడిగా ఉపగ్రహంలోనే ఉండిపోతాయని వేసుకోండి. అరగంటలో మొత్తం ఉపగ్రహం సగటున ఏడు డిగ్రీలు వేడెక్కుతుంది. వినడానికి తక్కువే. కానీ ఆ వేడి అంతటా సమానంగా పరుచుకోదు, థ్రస్టర్‌కి కరెంటు అందించే పవర్ యూనిట్ బోర్డు దగ్గరే పోగవుతుంది. ఆ బోర్డుకీ బయటి చట్రానికీ మధ్య మంచి లోహపు దారి వేయండి. బ్యాటరీని దాని పక్కన పెట్టొద్దు.

జినానా, అయోడినా, ఇండియమా?

జినాన్ అందరూ ఎరిగినది. బరువైన అణువు, తేలిగ్గా అయనీకరణం చెందుతుంది, దేన్నీ తినెయ్యదు. కానీ గాలిలో కోటి పాళ్లలో ఒక పాలు కూడా ఉండదు, అందుకే ధర మండుతుంది. పైగా అధిక పీడనపు ట్యాంకు కావాలి. ఆ ట్యాంకు ఉందంటే రాకెట్ వాళ్ల భద్రతా పత్రాలు రెట్టింపవుతాయి. స్టార్‌లింక్ ఖర్చు తట్టుకోలేకే మొదట క్రిప్టాన్, తర్వాత ఆర్గాన్ వాడింది.

అయోడిన్ గది ఉష్ణోగ్రత దగ్గర గట్టి పదార్థం, ట్యాంకులో పీడనం ఉండదు. వేడి చేస్తే ఆవిరవుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన థ్రస్ట్‌మీ కంపెనీ థ్రస్టర్ 2020 నవంబర్‌లో ఎగిరిన బైహాంగ్‌కాంగ్‌షి-1 అనే చిన్న ఉపగ్రహంలో అయోడిన్‌తో పనిచేసి చూపించింది. విద్యార్థి టీములకు ఇది చాలా నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. కానీ అయోడిన్ లోహాలను కొరుకుతుంది, చల్లబడ్డ చోట గడ్డకట్టి దారి మూసేస్తుంది. నాసా చంద్ర ప్రయోగం ఆర్టెమిస్-1తో పాటు 2022 నవంబర్‌లో వెళ్లిన లూనా-హెచ్-మ్యాప్ అనే క్యూబ్‌శాట్ అయోడిన్ థ్రస్టర్‌నే నమ్ముకుంది. ప్రయోగం వాయిదాలు పడి అది రాకెట్‌లోనే నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. పైకి వెళ్లాక వాల్వు ఇరుక్కుంది, థ్రస్టర్ వెలగలేదు, చంద్రుడి కక్ష్య అందలేదు. అయోడిన్ ఎంచుకుంటే ఆ గొట్టాల్లో ప్రతి అంగుళానికీ హీటరు, ప్రతి భాగానికీ అయోడిన్ తట్టుకునే పదార్థం ఉన్నాయో లేదో అడగండి. ఎంతకాలం నింపి ఉంచొచ్చో కూడా అడగండి.

ఇండియం మరో దారి. ఆస్ట్రియాలో ఎన్‌పల్షన్ తయారుచేసే థ్రస్టర్‌లో 28 టంగ్‌స్టన్ సూదుల కిరీటం ఉంటుంది. 157 డిగ్రీల దగ్గర కరిగిన ఇండియం ఆ సూదుల మొనలకు ఎగబాకుతుంది. కిలోవోల్టుల విద్యుత్ క్షేత్రం దాన్ని అయాన్లుగా లాగేస్తుంది. వాల్వు లేదు, పీడనం లేదు, కదిలే భాగమే లేదు. ఇది మొదటిసారి అంతరిక్షానికి వెళ్లింది మన శ్రీహరికోట నుంచే, 2018 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ40 మీద. తోపు మాత్రం మిల్లీన్యూటన్‌లో మూడో వంతు, 40 వాట్లకు. ఇండియం కరిగించి ఉంచడానికి కూడా పవర్ పోతూనే ఉంటుంది. తొందర లేని మిషన్‌కు, మొదటిసారి చేసే టీముకు నేను సిఫార్సు చేసేది ఇదే.

ఏది కొన్నా న్యూట్రలైజర్ గురించి తప్పకుండా అడగండి. పాజిటివ్ అయాన్లను మాత్రమే బయటికి పంపుతూ పోతే ఉపగ్రహం నెగటివ్ అయిపోయి, పంపిన అయాన్లను తనే వెనక్కి లాక్కుంటుంది. అందుకే పక్కనే ఎలక్ట్రాన్లు చిమ్మే కాథోడ్ ఉంటుంది. ఈ పద్ధతి అంతరిక్షంలో నడుస్తుందని 1964 జులైలో నాసా సెర్ట్-1 తేల్చింది. బేరియం ఆక్సైడ్ కాథోడ్లు గాలి, తేమ తగిలితే పాడవుతాయి. లాంథనం హెక్సాబోరైడ్‌వి గట్టివే, కానీ మరింత వేడి కావాలి. హీటరే లేని కాథోడ్ ఒకటి బెల్లాట్రిక్స్ ఏరోస్పేస్ చేసింది. 2024 జనవరి 1న పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశనే కక్ష్యలో పరీక్షా వేదికగా వాడుకునే పోయెమ్-3లో దాన్ని పంపారు. సొంత ఉపగ్రహం లేకపోయినా ఒక భాగాన్ని పైకి పంపి పరీక్షించే ఈ పోయెమ్ దారిని మన తెలుగు రాష్ట్రాల టీములు ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

ఐదు మిల్లీమీటర్ల గొడవ

థ్రస్టర్ తోసే గీత ఉపగ్రహం గరిమనాభి (బరువు మొత్తానికీ కేంద్రమైన బిందువు) గుండా పోవాలి. పోకపోతే ఉపగ్రహం తిరగబడుతుంది, వీల్స్ దాన్ని ఆపుతూ వేగం పెంచుకుంటూ పోతాయి. ఇది ఎంత త్వరగా ముదురుతుందో చూడండి. గీత ఐదు మిల్లీమీటర్లు పక్కకు ఉందనుకోండి. ఒక మిల్లీన్యూటన్‌కు 5 మైక్రోన్యూటన్-మీటర్ల మెలి, అంటే తిప్పే బలం. అరగంటలో వీల్ మీద చేరేది 9 మిల్లీన్యూటన్-మీటర్-సెకన్లు. క్యూబ్‌శాట్ వీల్ 20 దాకా పడుతుందనుకుంటే, రెండు చుట్లకు దాదాపు నిండిపోతుంది.

నిండిన దాన్ని ఖాళీ చేయాల్సింది మాగ్నెటార్కర్. 0.2 ఆంపియర్-చదరపు మీటర్ల కడ్డీ, 30 మైక్రోటెస్లా భూ అయస్కాంత క్షేత్రంలో ఇచ్చేది మహా అయితే 6 మైక్రోన్యూటన్-మీటర్లు. అదీ క్షేత్రానికి అడ్డంగా ఉన్న దిశల్లోనే. ఐదు మిల్లీమీటర్లకు బొటాబొటిగా సరిపోతుంది. పది అయితే సరిపోదు. అప్పుడు చేయగలిగింది కాల్చే సమయం తగ్గించుకోవడమే, 83 రోజులు అలా పెరిగిపోతాయి.

గరిమనాభికి లాంచ్ వాళ్లు పెట్టే పరిమితులు సెంటీమీటర్లలో ఉంటాయి. మనకు కావాల్సింది మిల్లీమీటర్లలో. రెక్కలు తెరుచుకున్నాక గరిమనాభి ఎక్కడికి జరుగుతుందో, ఇంధనం సగం అయ్యాక ఎక్కడుంటుందో విడిగా లెక్కవేయండి. థ్రస్టర్ గరిమనాభికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ధార ఒక్క డిగ్రీ వంకర పోయినా 2.6 మిల్లీమీటర్లు పోయినట్టే. ఆ వంకర ఎంతో కొలిచి ఇమ్మని తయారీదారును అడగండి.

వ్యాక్యూమ్ ఛాంబర్‌లో

ఒక మిల్లీన్యూటన్ అంటే నాలుగైదు బియ్యపు గింజల బరువు. దాన్ని కొలవాలంటే లోలకంలాంటి స్టాండ్ మీద థ్రస్టర్‌ని వేలాడదీసి, ఎంత జరిగిందో లేజర్‌తో చూస్తాం. నిజమైన కష్టం థ్రస్టర్‌కి వెళ్లే వైర్ల దగ్గర ఉంటుంది. మందపాటి హై వోల్టేజ్ కేబుల్ ఒక్కటి చాలు, అది స్ప్రింగులా పనిచేసి రీడింగ్ అంతా మార్చేస్తుంది. థ్రస్టర్ వేడెక్కే కొద్దీ ఆ కేబుల్ బిగువు మారుతుంది, సున్నా నెమ్మదిగా జరుగుతూ పోతుంది. అందుకని తోపును స్విచ్ వేసినప్పటి ఎగుడులో చూడకండి, ఆపినప్పటి దిగుడులో చూడండి. వేడి వల్ల జరగడం నిదానం, థ్రస్ట్ పోవడం తక్షణం. గ్రాఫ్‌లో ఆ రెండూ విడిగా కనబడతాయి. ప్రతి సెషన్‌కు ముందూ వెనకా తెలిసిన బలంతో క్యాలిబ్రేట్ చేయండి.

ఛాంబర్ ఒక విషయంలో మనల్ని నమ్మిస్తుంది. దాని లోహపు గోడలు ఎలక్ట్రాన్ల లెక్క సర్దేస్తాయి కాబట్టి న్యూట్రలైజర్ బలహీనంగా ఉన్నా అన్నీ బాగున్నట్టే కనబడుతుంది. పైన ఆ గోడలు ఉండవు. థ్రస్టర్ బాడీని ఎర్త్ చేయకుండా విడిగా ఉంచి, ఆ వోల్టేజ్ ఎంత పోతుందో ఒకసారైనా చూడండి. థ్రస్టర్ నడుస్తుండగా మీ జీపీఎస్ రిసీవర్, రేడియో మామూలుగా పనిచేస్తున్నాయా అన్నదీ అదే రోజు తేల్చుకోండి.

పైకి వెళ్లాక

కక్ష్యలోకి వెళ్లిన వెంటనే హై వోల్టేజ్ వేయకండి. ఉపగ్రహం లోపలి ప్లాస్టిక్కులు, జిగుర్లు కొన్నాళ్లపాటు ఆవిర్లు వదులుతాయి. ఆ పల్చటి వాయువులో వోల్టేజ్ వేస్తే ఆర్క్ కొడుతుంది, అంటే నిప్పురవ్వలా కరెంటు దూకుతుంది. ముందు ట్యాంకు, గొట్టం హీటర్లు వేసి ఉష్ణోగ్రతలు చూడండి. తర్వాత కాథోడ్ ఒక్కటే. ఆ తర్వాత గ్రౌండ్ స్టేషన్ కనుచూపులో ఉండగా ఐదు నిమిషాల ఫైరింగ్. టెన్షన్‌గా ఉంటుంది, టెలిమెట్రీలో (ఉపగ్రహం పంపే రీడింగుల్లో) ప్రతి గీతా మెల్లగా కదులుతుంది.

థ్రస్టర్ నిజంగా తోస్తోందని మొదట చెప్పేది కక్ష్య కాదు, రియాక్షన్ వీల్. ఫైరింగ్ మొదలైన క్షణం నుంచి ఒక వీల్ వేగం సరళరేఖలా పెరుగుతుంటే తోపు ఉన్నట్టే. ఆ వాలు నుంచి మీ గీత గరిమనాభికి ఎన్ని మిల్లీమీటర్లు పక్కన ఉందో కూడా తెలుస్తుంది. కక్ష్యలో మార్పు కోసం పూర్తి 30 నిమిషాల ఫైరింగ్ దాకా ఆగాలి. వేగం సెకనుకు 15 సెంటీమీటర్లు మారి, కక్ష్య సగటున 270 మీటర్లు లేస్తుంది. మీ జీపీఎస్ డేటాను ఒక చుట్టంతా సగటు తీస్తే అది స్పష్టంగా తెలుస్తుంది. బయటి ట్రాకింగ్ డేటాలో కనబడాలంటే మరికొన్ని ఫైరింగులు కావాలి.

పెద్ద ఎత్తు మార్పు మొదలుపెట్టే ముందు మీ ఫైరింగ్ ప్లాన్‌ను ఢీకొనే ముప్పు లెక్కించే వాళ్లకు పంపండి. మన దేశంలో అది బెంగళూరులోని ఇస్రో ఐఎస్4ఓఎం కేంద్రం చూస్తుంది. రోజుల తరబడి నెమ్మదిగా జరిగే ఉపగ్రహం రేపు ఎక్కడుంటుందో పాత కక్ష్య డేటా చూసి ఎవరూ చెప్పలేరు. ప్లాన్ మారిన ప్రతిసారీ కొత్త ఫైల్ పంపండి, ఫైరింగ్ రద్దయినా సరే పంపండి.